కొద్దిపాటి సరుకు పంపు రైతులు లారీ బ్రోకరును ఎంచుకొను విధము

శ్రీకూర్మము, గార, కళింగపట్టణము ప్రాంతముల రైతులలో నిండు లారీకి చాలినంత సరుకు ఒక్కచోట కలవారు అరుదు. పదునైదు బస్తాల మినుములో, ఇరువది బస్తాల పెసలో, కొన్ని వందల కొబ్బరికాయలో అమ్మకమునకు సిద్ధమగును. ఊరిలోనికి వచ్చు వర్తకుడు చెప్పిన ధర నచ్చక, విశాఖపట్టణమునకో బరంపురమునకో పంపుదమనుకొన్నవారికి మొదట ఎదురగు చిక్కు బండిది. జోడెడ్ల బండిపై కళింగపట్టణపు రేవునకు సరుకు చేర్చిన దినములలో బండివాడు మన యెరుకలోనివాడే; సరుకు తడిసినచో వాని యింటికే పోయి అడుగుట కలదు. నేడు జాతీయ రహదారిమీద పోవు లారీ ఎవరిదో, దానిని నడపువాడు ఏ రాష్ట్రమువాడో మనకు తెలియదు. తెలిసినవాడు నడుమనున్న బ్రోకరు ఒక్కడే. కావున వానిని గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పలువురి సరుకులను ఒకే లారీలో చేర్చి పంపుటను పార్టు లోడు అందురు. శ్రీకాకుళములో ఎక్కిన బస్తా తిన్నగా పోయి కొనువాని కొట్టుముందు దిగునని తలంపరాదు. పెక్కుమారులు అది దారిలో ఏదో గోడౌనులో దిగి, అచ్చట మరియొక లారీ ఎక్కును. ఎక్కినప్పుడెల్ల, దిగినప్పుడెల్ల హమాలీల కొక్కెములు గోనెకు తగులును. మన మినుములమీద ఇనుప సామాను, ప్రక్కను ఎండుచేపల గంపలు, వేరొకవైపు పురుగుమందుల డబ్బాలు ఉండవచ్చును. ఎండుచేపల వాసన పట్టిన పప్పును ఏ మిల్లువారు కొందురు? పురుగుమందు ఒలికినదానిని కొన్నను తినవచ్చునా? కనుక, సరుకు ఎన్నిచోట్ల దిగును, దేనితో కలిపి వేయుదురు, పైన టార్పాలిను కప్పుదురా అని ముందే అడుగవలయును. పని తెలిసిన బ్రోకరు వీనికి తడుముకొనక బదులు చెప్పును. “అదంతా మీకెందుకండీ, మేము చూచుకొందుము” అనువాని యెదుటనుండి లేచి వచ్చుట మేలు.

బాడుగ సంగతి. బస్తాకు అందరికన్న రెండు రూపాయలు తక్కువ చెప్పినవానివద్దకు మనవారు పరుగెత్తుదురు. ఆ చెప్పినదానిలో ఇచ్చటి హమాలీ, అచ్చటి హమాలీ, గోడౌను అద్దె, కొట్టువరకు చేర్చు కూలి చేరినవో లేదో అడుగువారు కొద్దిమంది. గోగునారవంటి తేలిక సరుకునకు తూకమునుబట్టి గాక, ఆక్రమించు చోటునుబట్టి బాడుగ కట్టుటయు కలదు. అన్నియు చేర్చి ఒక్క మొత్తముగా కాగితముమీద వ్రాయించుకొనవలయును. అచ్చట చెల్లించు పద్ధతిని, అనగా టు పే పద్ధతిని, పంపినచో బాడుగ వర్తకుడు భరించెనని కొందరు సంతసింతురు. వర్తకుడు దానిని ధరలో కోసికొనునని పట్టీ వచ్చినపుడుగాని తెలియదు.

శ్రీకూర్మనాథుడు మందరగిరిని రశీదు లేకయే మోసెను. లారీవారి విషయమున మనకు రశీదు ఉండి తీరవలయును. 1865వ సంవత్సరపు పాత చట్టమునకు మారుగా వచ్చిన 2007వ సంవత్సరపు రోడ్డు రవాణా చట్టము 2011 మార్చి 1వ తేదీనుండి అమలులో ఉన్నది. సరుకు బుక్ చేయు కంపెనీయు, ఏజెంటును, బ్రోకరును కూడ ఈ చట్టమున రవాణాదారులలో చేరినవారే; వారు రవాణా అధికారులవద్ద రిజిస్టరు కావలయును. ఆ సర్టిఫికెట్టు చూపుమని అడుగుట మర్యాదకు లోపము కాదు. అది పదేండ్లే చెల్లును గనుక తేదీకూడ చూడుడు.

మనవారు ఎక్కువగా నష్టపోవునది ఒక చిన్న గడివద్ద. సరుకు అప్పగించునపుడు ఇచ్చు పత్రములో విలువ వ్రాయు గడి కలదు. దానిని ఖాళీగా విడుచుటయో, ఏదో ఒక అంకె వేయుటయో వాడుక. ఇరువది బస్తాల మినుములు, బస్తా 50 కిలోలు, వెరసి 10 క్వింటాళ్లు అనుకొందము. క్వింటాలు 7,000 రూపాయల చొప్పున సరుకు విలువ 70,000. బాడుగ 1,500 అనుకొందము. సరుకంతయు పోయినను, సాధారణముగా రవాణాదారుని బాధ్యత బాడుగకు పదిరెట్లు, అనగా 15,000 రూపాయలకు మించదు. అదియు పత్రములో చూపిన విలువకు లోబడియే. తక్కిన 55,000 రైతు నెత్తిమీదనే. విలువ సరిగా చూపి, అదనపు పూచీకి రవాణాదారుడు నిర్ణయించిన హెచ్చు రేటు చెల్లించుటకు ఒప్పుకొన్నచో ఈ హద్దు ఉండదు. ఈ సంగతి తానై చెప్పు బ్రోకరు దొరికినచో వానిని విడువకుడు.

తుపానువంటి దైవికములకు రవాణాదారుడు బాధ్యుడు కాడు. 2018 అక్టోబరు 11వ తేదీన పలాసవద్ద తీరము దాటిన తిత్లీని మనమింకను మరువలేదు. అక్టోబరు, నవంబరు నెలలలో పంపు సరుకునకు ప్రయాణపు బీమా వేరుగా చేయించుకొనవలయును. త్వరగా చెడు సరుకునకు మరియొక తొందర కలదు: చేరినదని నోటీసు అందిన 24 గంటలలో విడిపించుకొననిచో దానిని ఎవరును కోరని సరుకుగా ఎంచవచ్చును. కూరగాయలు పంపువారు కొనువానికి ముందే కబురు చేయుట అవసరము.

బ్రోకరు మంచిచెడ్డలు వాని ఆఫీసులో తెలియవు, సరుకు దిగుచోట తెలియును. అచ్చటి వర్తకులను ఇద్దరు ముగ్గురిని ఫోనులో అడుగుడు: ఎవరి సరుకు చెప్పిన దినమున వచ్చును, ఎవరి బస్తాలు తరుగుతో వచ్చును? పిదప ఐదారు బస్తాలు పంపి చూచి, తక్కినవి పంపవచ్చును. ఒకే వారములో పదిమంది సభ్యులు ఒకే ఊరికి పంపునట్లు సంఘము కుదుర్చగలిగినచో నిండు లారీయే మాటలాడుకొనవచ్చును. అప్పుడు దారిలో దింపి ఎక్కించు బాధ తప్పును.

ప్రతి బస్తాపై చెరగని రంగుతో గుర్తును, వరుస సంఖ్యను వేయుడు. కాటా చీటి, రశీదు రెండును ఫోటో తీసి ఉంచుకొనుడు. దించుకొనువాడు లెక్క చూడక సంతకము చేయరాదు. తక్కువ వచ్చినను, తడిసినను ఆ మాట రశీదుమీదనే వ్రాసి సంతకము చేయవలయును. వ్యాజ్యమునకు ముందు రవాణాదారునకు వ్రాతమూలకముగా నోటీసు ఇచ్చితీరవలయును. బుక్ చేసిన తేదీనుండి 180 దినములలోపల, అందినట్లు సాక్ష్యముండు రీతిని దానిని పంపుడు. గడువు లెక్కకు సరుకు చేరిన దినము పనికిరాదు, బుక్ చేసిన దినమే చూతురు.