వాన కబురు వెనుక లెక్క: ఆటోమేటిక్ డిఫరెన్షియేషన్ అంటే ఏంటి? బాన్సువాడ రైతుకు దాంతో పనేంటి?

బాన్సువాడ: నిజాంసాగర్ కాలువ నీళ్లు అందే పొలాలకు కొంత ధీమా ఉంటుంది. మెట్ట రైతుకు మాత్రం మబ్బే దిక్కు. తొలి వానకు విత్తనం వేశాక వాన మొహం చాటేస్తే విత్తనం, దుక్కి ఖర్చు మట్టిపాలే.

అందుకే 2025 వానాకాలంలో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల అంచనాలను ఎస్ఎంఎస్‌లుగా పంపింది. ఆ ఏడాది రుతుపవనాలు ముందే వచ్చి, మధ్యలో దాదాపు 20 రోజులు ఆగిపోయాయి. ఈ విరామాన్ని అంచనాలు ముందే పట్టుకున్నాయి. ఇందుకు వాడిన మోడళ్లలో గూగుల్ న్యూరల్‌జీసీఎం ఒకటి. దాని వెనకున్న కీలక సాధనమే ఆటోమేటిక్ డిఫరెన్షియేషన్.

అసలు ఏంటిది?

ఒక అంకెను కాస్త మారిస్తే జవాబు ఎంత మారుతుందో చెప్పే లెక్క ఇది. 3 వర్గం 9. అదే 3.001 అయితే సుమారు 9.006. అంటే మార్పు 6 రెట్లు. వాతావరణ మోడల్‌లో ఇలాంటి అంకెలు లక్షల్లో ఉంటాయి. ఒక్కోదాన్ని మార్చి చూడాలంటే ప్రోగ్రామ్‌ను లక్షల సార్లు నడపాలి. పైగా మార్పు మరీ చిన్నదైతే కంప్యూటర్ దశాంశాల కుదింపులో జవాబే తప్పుతుంది.

ఎలా పనిచేస్తుంది?

ఎంత పెద్ద ప్రోగ్రామ్ అయినా చివరికి కూడికలు, గుణకారాలు, సైన్, లాగ్ లాంటి చిన్న మెట్లే. ఒక్కో మెట్టు డెరివేటివ్ ముందే తెలుసు. ఇంటర్‌లో చదివే చైన్ రూల్‌తో సాఫ్ట్‌వేరే వాటిని కలుపుతుంది. జవాబు నుంచి వెనక్కి నడిస్తే, ఒక్క విడతలోనే అన్ని అంకెల ప్రభావం తేలుతుంది. దీన్ని రివర్స్ మోడ్ అంటారు. అసలు ప్రోగ్రామ్ నడిచే ఖర్చుకు ఇది కొన్ని రెట్లు మాత్రమే. కాకపోతే మధ్యలో వచ్చిన విలువలు దాచుకోవాలి కాబట్టి మెమరీ ఎక్కువ కావాలి.

ఎప్పటి నుంచి?

1964లో వెంగర్ట్ ముందుకు నడిచే పద్ధతిని ప్రచురించారు. 1970లో ఫిన్లాండ్ విద్యార్థి సెప్పో లిన్నైన్మా రివర్స్ పద్ధతిని తన థీసిస్‌లో వివరించారు. ఇప్పుడు ఫోర్ట్రాన్, సి ప్రోగ్రామ్‌లకు ఫ్రాన్స్‌ సంస్థ ఇన్రియా తయారుచేసిన టాపెనాడ్ ఉంది. పైథాన్‌లో పైటార్చ్, జాక్స్ ఉన్నాయి. న్యూరల్‌జీసీఎంను రాసింది జాక్స్‌లోనే.

గుర్తుంచుకోవాల్సింది ఇదే

ఈ సాధనం మోడల్‌ను సరిదిద్దే దారి చూపిస్తుంది. వాన పడుతుందని గ్యారంటీ ఇవ్వదు. మోడల్‌కు ఇచ్చిన సమాచారం తప్పయితే అంచనా కూడా తప్పుతుంది. అందుకే ఫోన్‌కు మెసేజ్ వచ్చినా, నేలలో పదును చూసి, వ్యవసాయ అధికారిని ఒక మాట అడిగాకే విత్తనం వేయడం మేలు.