సీనియర్ల నేర్పు, జూనియర్ల కొలువు

సాఫ్ట్‌వేర్ మొరాయించిందని మండిపడుతున్న కస్టమర్‌కి చాట్‌లో జవాబివ్వడం పైకి కనిపించేంత తేలిక పని కాదు. మొదటి రెండు ప్రశ్నల్లోనే అసలు ఇబ్బంది ఎక్కడుందో పసిగట్టాలి. ఎక్కడ క్షమాపణ చెప్పాలో, ఎక్కడ నేరుగా విషయంలోకి దిగాలో తెలియాలి. ఇదంతా శిక్షణ తరగతిలో అబ్బదు. నెలల తరబడి కస్టమర్ల కోపం కాచుకున్నాక వస్తుంది.

చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక పెద్ద కంపెనీ, ఇలాంటి పని చేసే తన సిబ్బందికి 2020-21 ప్రాంతంలో ఏఐ సాయం అందించింది. సిబ్బందిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌లో ఉన్నారు. కస్టమర్ రాసింది చదివి, ఇలా బదులివ్వవచ్చని ఏఐ పక్కన సూచిస్తుంది. తీసుకోవడం, మానడం ఉద్యోగి ఇష్టం. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ అనే ఆర్థికవేత్తలు ఐదు వేల మందికి పైగా ఉద్యోగుల పనిని పరిశీలించి 2023లో ఫలితాలు వెల్లడించారు. గంటకు పరిష్కారమయ్యే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లు, నైపుణ్యం తక్కువగా ఉన్నవాళ్ల విషయంలో ఆ పెరుగుదల 34 శాతం. చెయ్యి తిరిగినవాళ్లకు మాత్రం దాదాపు ఏమీ కలిసిరాలేదు. చేరి రెండు నెలలైనవాళ్లు ఏఐ సాయంతో, అది లేకుండా ఆరు నెలలు దాటినవాళ్లతో సమానంగా పని చేయగలిగారు.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో జరిగింది దీనికి తలకిందులు. పాత కంప్యూటర్ చేత పని చేయించాలంటే ఆ పనిని మెట్టుమెట్టుగా నియమాల్లోకి మార్చి చెప్పాలి. ఖాతా లెక్కలు, జీతాల పట్టీలు, ఫైళ్ల వెతుకులాట అలా లొంగాయి కాబట్టి గుమాస్తా ఉద్యోగాలు కరిగిపోయాయి. డాక్టరు చూపు, మంచి సేల్స్‌మన్ మాటకారితనం లొంగలేదు. తత్వవేత్త మైకేల్ పొలాని 1960ల్లోనే ఎత్తిచూపిన చిక్కు ఇది. అనుభవంతో వచ్చిన చాలా విద్యలను మనిషి చేసి చూపించగలడు గానీ సూత్రాలుగా రాసివ్వలేడు. రాసివ్వలేని నేర్పు ఉన్నవాళ్ల విలువ పెరిగింది, రాసివ్వగలిగిన పని చేసేవాళ్ల విలువ పడిపోయింది. అసమానత అలా పెరిగింది.

ఇలాంటి ఏఐ వెనక ఉండే భాషా నమూనా ఈ చిక్కును పక్కదారిన దాటుతుంది. దానికి ఎవరూ నియమాలు చెప్పరు. లెక్కలేనన్ని వాక్యాలు చూపించి, తర్వాత రాబోయే మాట ఏదో అంచనా కట్టమంటారు. అంచనా తప్పినప్పుడల్లా లోపలి సంఖ్యలు కొద్దికొద్దిగా సవరణ అవుతాయి. జీపీటీ-3 అనే నమూనాలో అలాంటి సంఖ్యలు 17,500 కోట్లు. ఆ కుటుంబానికి చెందిన నమూనాకే ఈ కంపెనీ తన పాత చాట్‌లను మేపింది. ఏ సంభాషణ చక్కగా ముగిసింది, దాన్ని నడిపింది మేటి ఉద్యోగా కాదా అన్న గుర్తులు కూడా జోడించింది. దాంతో మేటివాళ్ల మాటతీరుకూ మామూలువాళ్ల మాటతీరుకూ తేడా ఎక్కడుందో, ఎవరూ విడమరిచి చెప్పకుండానే నమూనాకు పట్టుబడింది.

సీనియర్లకు లాభం ఎందుకు లేదో ఇప్పుడు తెలుస్తుంది. తెర మీద కనిపిస్తున్న సూచన వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. ఏఐ వచ్చాక జూనియర్ల రాత సీనియర్ల రాతకు దగ్గరైందని పరిశోధకులు గమనించారు. ఇంకో ముచ్చట నాకు ఎంతో నచ్చింది. సాంకేతిక లోపంతో ఏఐ ఆగిపోయిన వేళల్లో కూడా, దాన్ని కొన్నాళ్లు వాడినవాళ్లు మునుపటికన్నా మెరుగ్గానే పని చేశారు. అంటే చూసి రాయడమే కాదు, నేర్చుకున్నారు కూడా. వెనకబడినవాణ్ణి పైకి లాగే యంత్రం అరుదు, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

కానీ పైకి లాగాలంటే ముందు ఉద్యోగంలో చేరి ఉండాలి కదా. 2025 ఆగస్టులో అదే బ్రిన్యోల్ఫ్‌సన్ స్టాన్‌ఫర్డ్ సహచరులతో కలిసి మరో పరిశీలన బయటపెట్టారు. జీతాల చెల్లింపులు చూసే ఏడీపీ సంస్థ దగ్గరున్న అమెరికా ఉద్యోగుల రికార్డులు దానికి ఆధారం. ప్రోగ్రామింగ్, కస్టమర్ సేవ వంటి, ఏఐ ప్రభావం ఎక్కువగా పడే వృత్తుల్లో 22-25 ఏళ్లవాళ్ల ఉద్యోగాలు, 2022 చివరి నుంచి, ఇతరులతో పోల్చి చూస్తే 13 శాతం తగ్గాయి. అవే వృత్తుల్లోని అనుభవజ్ఞులకు అలాంటి దెబ్బ తగల్లేదు. దీనికి ఏఐ ఒక్కటే కారణమా అన్న వాదన ఇంకా నడుస్తోంది. అయినా రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చదివితే కలత కలుగుతుంది. ఏఐ ఎవరికి ఎక్కువ మేలు చేయగలదో, వాళ్లకే గుమ్మం ఇరుకవుతోంది.

మన ఇళ్లలో ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆసరాతో, వంశంలో మొట్టమొదటగా బీటెక్ చదివి మాదాపూర్ చేరిన పిల్లలు ఎంతోమంది. వాళ్లకు అప్పజెప్పే తొలి పనులు టెస్టింగ్, సపోర్ట్ టికెట్లు, చిన్నచిన్న బగ్గులు. యంత్రం ముందుగా అందుకుంటున్నవీ అవే. తండ్రి జీతంతో ఇంకో రెండేళ్లు ఆగగలిగిన అబ్బాయి, అమెరికాలో బాబాయి ఉన్న అమ్మాయి ఎలాగో దారి వెతుక్కుంటారు. చేను తాకట్టు పెట్టి హాస్టల్ ఖర్చులు కట్టిన ఇంటికి ఆ రెండేళ్లు దొరకవు. ఏఐ తెచ్చే అసమానత అంటే నా దృష్టిలో ముందు ఇదే. కంపెనీలు కూడా ఒకటి ఆలోచించాలి. ఇవాళ జూనియర్లను తీసుకోకపోతే, పదేళ్ల తర్వాత యంత్రానికి మంచి చాట్‌లు, మంచి కోడ్ రాసిపెట్టే సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఇక నేర్పు ఇచ్చినవాళ్ల సంగతి. మేటి ఉద్యోగి చాట్ కంపెనీ ఆస్తి కాబట్టి, దాని నుంచి పుట్టిన లాభంలో ఆ ఉద్యోగికి వాటా అడిగే దారి లేదు. అడిగి కొంత సాధించినవాళ్లు హాలీవుడ్ రచయితలు. 2023లో 148 రోజుల సమ్మె తర్వాత వాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, ఏఐ వాడమని రచయితను బలవంతపెట్టకూడదు, ఏఐ రాసినదాన్ని చేతికిస్తే ఆ మాట ముందే చెప్పాలి. తమ రచనలతో ఏఐకి శిక్షణ ఇవ్వడాన్ని అభ్యంతరపెట్టే హక్కును కూడా సంఘం వదులుకోలేదు. చాట్ ఉద్యోగులకు అంత బలమైన సంఘం లేదు.

జూనియర్ల విషయంలో మాత్రం మన దేశంలో కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టానికి 2019లో సవరించిన నియమాల ప్రకారం, 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ ఏదైనా, కాంట్రాక్టు వాళ్లను కూడా లెక్కలో కలిపి, సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ పై అంచుకు దగ్గరగా తీసుకుని, అనుభవజ్ఞుల పక్కన, ఏఐ ముందు కూర్చోబెడితే, ఫిలిప్పీన్స్ కొత్తవాళ్లకు రెండు నెలల్లో అబ్బిన నేర్పు మన పిల్లలకూ అబ్బుతుంది.