ఖతార్ ఛాందసమా... ఎవరి లెక్కలో?

డాలస్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. ‘‘బావా, మీ దగ్గర జనం బాగా కన్జర్వేటివ్ కదా, పాపను అక్కడ ఎలా పెంచుతున్నారు?’’ అమెరికాలో ఈ లెక్క సులువు. ఏ పార్టీకి ఓటేస్తారో చెబితే అబార్షన్ మీద, తుపాకుల మీద, స్వలింగ వివాహాల మీద ఆ మనిషి అభిప్రాయం సగం తెలిసిపోతుంది. దోహాలో పద్నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్న నాకు ఆ కొలబద్ద ఇక్కడ ఎప్పుడూ సరిపోలేదు.

మా టీమ్ లీడ్ ఖతారీ మహిళ. ఎడ్యుకేషన్ సిటీలోని కార్నెగీ మెలన్‌లో అబ్బాయిలతో కలిసి కంప్యూటర్ సైన్స్ చదివారు. నాలుగు దేశాల మగవాళ్లను కూర్చోబెట్టి డెడ్‌లైన్ల గురించి నిలదీస్తారు. అబాయా తీయరు, ఎవరితోనూ చేయి కలపరు. గుండెల మీద చేయి పెట్టి పలకరిస్తారు. పెళ్లి మాత్రం తమ తెగలోనే, పెద్దవాళ్లు కుదిర్చిందే. ఒకరోజు లంచ్‌లో ఆమే చెప్పారు... చదువు విషయంలో వాళ్ల నాన్న ఎవరి మాటా వినలేదట, పెళ్లి విషయంలో అందరి మాటా విన్నారట. ఈమెను ఏ గడిలో వేయాలి?

ఈ దేశం కూడా కాస్త అలాగే ఉంటుంది. 1999లో తొలి మునిసిపల్ కౌన్సిల్ ఎన్నికల్లోనే ఆడవాళ్లు ఓటేశారు, పోటీ చేశారు. 2003లో ఒక మహిళ కౌన్సిల్‌కు గెలిచారు. అదే ఏడాది విద్యాశాఖకు మహిళా మంత్రి వచ్చారు. పక్కనున్న సౌదీలో ఆడవాళ్లు స్టీరింగ్ పట్టడానికి 2018 దాకా ఆగాల్సి వస్తే, ఇక్కడ వాళ్లు ఎప్పటి నుంచో నడుపుతున్నారు. ఖతార్ యూనివర్సిటీలో అబ్బాయిల కంటే అమ్మాయిలే చాలా ఎక్కువ. క్యాంపస్‌లు మాత్రం వేర్వేరు. 2006 నాటి కుటుంబ చట్టం ప్రకారం అమ్మాయి పెళ్లికి మగ సంరక్షకుడు ఉండాల్సిందే. 25 ఏళ్లు నిండని పెళ్లికాని ఖతారీ యువతి విదేశాలకు వెళ్లాలంటే ఆయన అనుమతి కావాలి.

మరి జనం మొగ్గు ఎటు? నాకు కొంత అర్థమైంది 2021 అక్టోబర్ 2న. షూరా కౌన్సిల్‌లో 30 స్థానాలకు మొట్టమొదటి ఎన్నికలు జరిగాయి. రెండు డజన్లకు పైగా మహిళలు నిలబడ్డారు. ఒక్కరూ గెలవలేదు. తర్వాత అమీర్ తాను నియమించే 15 మందిలో ఇద్దరు మహిళలకు చోటిచ్చారు. మన పుస్తకాల్లో ప్రభుత్వం వెనక్కి లాగుతుంది, ప్రజలు ముందుకు తోస్తారు. ఇక్కడ చాలాసార్లు తిరగబడుతుంది. ఆ ఎన్నికలు కూడా మిగల్లేదు. 2024 నవంబర్ రెఫరెండంలో 90 శాతం పైగా ‘అవును’ అని వాటిని రద్దు చేశారు.

బొమ్మల సంగతి ఇంకా బాగుంటుంది. 2013 అక్టోబర్‌లో సిద్రా ఆసుపత్రి ముందు డేమియన్ హర్స్ట్ చేసిన 14 భారీ కంచు శిల్పాలు పెట్టారు. తల్లి కడుపులో బిడ్డ పెరిగే తీరు అది. చివరి శిల్పం పుట్టిన మగబిడ్డ, ఒంటిమీద ఏమీ లేకుండా. సోషల్ మీడియాలో గోల మొదలైంది. శిల్పాలకు ముసుగులు వేశారు. ఐదేళ్లు ఆ దారిలో ఆఫీసుకు పోతూ ఆ ముసుగులే చూశాను. 2018లో మళ్లీ తెరిచారు. అదే 2013లో కార్నిష్‌లో పెట్టిన జిదాన్ ‘తలపోటు’ విగ్రహం నెల తిరక్కుండా మాయమైంది, విగ్రహారాధనలా ఉందని జనం అన్నారు మరి. 2022లో దాన్ని స్పోర్ట్స్ మ్యూజియంలో పెడతామన్నారు. 2016లో ‘ది డేనిష్ గర్ల్’ సినిమాను ట్విట్టర్ ఫిర్యాదుల తర్వాత థియేటర్ల నుంచి తీసేశారు. వరల్డ్ కప్‌కు రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీరు ఆపేసినప్పుడు ప్రపంచమంతా విస్తుపోయింది. 2011 డిసెంబర్‌లో పర్ల్ దీవి రెస్టారెంట్లలో మద్యం రాత్రికి రాత్రే ఆగిపోవడం చూసినవాళ్లం మేం అంత ఆశ్చర్యపోలేదు.

దీని వెనక మతం ఒక్కటే ఉందంటే నేను ఒప్పుకోను. దేశ జనాభా సుమారు 30 లక్షలు. అందులో పౌరులు పది మందికి ఒకరు, కాస్త అటూ ఇటూ. సొంత ఊళ్లో మాల్‌కి వెళితే తమ భాష వినపడదు. 2012లో ఖతార్ యూనివర్సిటీ చాలా కోర్సులను ఇంగ్లిష్ నుంచి అరబిక్‌కు మార్చింది. తల్లిదండ్రుల ఒత్తిడి అంత ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మీడియం జీవో వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత కొట్టుకున్నామో గుర్తుందా? మనం కోట్ల మందిమి. వాళ్లు మూడు లక్షల పైచిలుకు.

అయితే ఈ భయం మన వాళ్ల మీదే పడుతుంది, దాన్ని దాచలేం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ‘బ్యాచిలర్’ అంటే ఏమిటో తెలుసు. జగిత్యాలలో భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న మేస్త్రి ఇక్కడ బ్యాచిలరే. ఫ్యామిలీ వీసా లేదు కాబట్టి. కుటుంబాలు ఉండే ఏరియాల్లో కార్మికుల వసతి కుదరదని 2010లో 15వ నంబరు చట్టం చేశారు. శుక్రవారం ‘ఫ్యామిలీ డే’ అని మాల్ గేటు దగ్గర ఆపితే, వారంలో దొరికిన ఒక్క సెలవులో అతను ఎక్కడికి పోవాలి? మా ఫ్లాట్‌లో గీజర్ బిగించిన నిజామాబాద్ తమ్ముడు ఒకసారి అన్నాడు, ‘‘అన్నా, ఇంట్ల ఆడోళ్లు ఉన్నరని మంచిగ లోపలికి రానిస్తున్నరు, అదే బజార్ల నిలబడితే అనుమానంగ చూస్తరు.’’ 2021 మార్చిలో వెయ్యి రియాల్స్ కనీస వేతనం వచ్చింది. కంపెనీ మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదన్న మార్పు అంతకుముందే వచ్చింది. అవి చాలా పెద్ద మార్పులే. గేటు దగ్గర చూపు మారిందా అంటే, కొంచెమే.

ఆ గేటు దగ్గర నేను ఏం చేశాను? భార్యాపిల్లలతో దర్జాగా లోపలికి వెళ్లాను. పైగా మా బిల్డింగ్‌లో కింది ఫ్లాట్‌ను ఆరుగురు కుర్రాళ్లకు అద్దెకిస్తున్నారని తెలిసి వాచ్‌మన్‌కు ఫిర్యాదు చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. వాళ్లు మన తెలుగు పిల్లలేనని తర్వాత తెలిసింది.

మన సంఘాల్లో ఉగాది, బతుకమ్మ ఎంత బాగా చేస్తామో, పెళ్లి సంబంధాల మాట వచ్చేసరికి ‘మనవాళ్లేనా’ అన్న ప్రశ్న అంత త్వరగా వస్తుంది. మా టీమ్ లీడ్ తెగ గురించి మా ఆవిడతో చెప్పి ‘చూడు, ఎంత చదివినా’ అని నేను నిట్టూర్చినప్పుడు పక్క గదిలోంచి మా పెద్దమ్మాయి వచ్చింది. ‘‘నాన్నా, విజయవాడ అత్త అమెరికా బావకు వెతుకుతున్నది ఏమిటి మరి?’’ అంది. మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పాపకు పదిహేడు. ప్లస్ టూ అయింది. నెదర్లాండ్స్‌లో డిజైన్ కోర్సుకు సీటు వచ్చింది. హైదరాబాద్‌లో అమ్మమ్మ దగ్గర ఉండి చదవచ్చు కదా అని మా అత్తగారు. ఒంటరిగా అంత దూరం ఎందుకని నేను. ఎడ్యుకేషన్ సిటీలోనే డిజైన్ చదవచ్చు, రాత్రికి ఇంటికి వచ్చేయచ్చు అని కూడా అన్నాను. ‘‘అబ్బాయినైతే అడిగేవాళ్లా?’’ అని అడిగింది. తమ్ముడికి ఇంకా పదేళ్లే కాబట్టి ఇప్పటికి తప్పించుకున్నాను.

మొన్న బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు. అదే ప్రశ్న. ఈసారి వేరే సంగతి చెప్పాను. హాస్టల్ ఫారం వచ్చింది, పాప మైనర్ కాబట్టి తండ్రి లేదా సంరక్షకుడు సంతకం పెట్టాలి, ఆదివారం ఆఖరు తేదీ అని. ‘‘పెట్టావా బావా?’’ అన్నాడు.

ఫారం నా ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంది.