తక్కువ బరువు శిశువులు – ఎదుగుదల పరీక్ష

హైదరాబాదు తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారి పొడవునా విద్యాసంస్థలతోపాటు ఆసుపత్రులూ కనిపిస్తాయి. అక్కడ గాని, మరెక్కడ గాని, బిడ్డ పుట్టిందనగానే బంధువులు తప్పక అడిగే ప్రశ్న ‘బరువెంత?’ అన్నది. ప్రశ్న సమంజసమైనదే. అయితే దానికి వచ్చే సమాధానం సగం సంగతినే తెలుపుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 2,500 గ్రాములకన్న తక్కువ తూగిన నవజాత శిశువు తక్కువ బరువు శిశువు. ఇందుకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది, 37 వారాలు నిండకముందే ప్రసవం కావడం. రెండవది, గర్భంలో ఎదుగుదల కుంటుపడడం. తల్లికి రక్తహీనత, పోషకాహార లోపం, అధిక రక్తపోటు వంటివి ఉన్నప్పుడు మాయ ద్వారా శిశువుకు చేరవలసిన ఆహారం, ప్రాణవాయువు తగ్గిపోవచ్చు. కొందరిలో ఈ రెండు కారణాలూ కలిసి ఉంటాయి.

రెండు కిలోల బరువుగల ఇద్దరు శిశువులను ఊహించండి. ఒకరు 34 వారాలకు, మరొకరు 40 వారాలకు జన్మించారు. త్రాసుకు ఇద్దరూ సమానులే. కాని మొదటి శిశువు వయసుకు తగినట్లే ఎదిగి, ముందుగా లోకంలోకి వచ్చాడు. అతనికి ఊపిరి తీయడం, పాలు చప్పరించడం కష్టం కావచ్చు. రెండవ శిశువు గడువు నిండినా ఎదగలేకపోయాడు. అతని ఒంటిలో కొవ్వు, చక్కెర నిల్వలు స్వల్పం. కొద్ది గంటలలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ఒళ్ళు చల్లబడవచ్చు.

కనుక వైద్యులు ముందుగా గర్భకాలాన్ని నిర్ణయిస్తారు. చివరి నెలసరి తేదీ, తొలి మాసాల స్కానింగు ఇందుకు ఆధారాలు. అవి లేనప్పుడు శిశువు దేహమే సాక్ష్యం పలుకుతుంది. అరికాలి గీతలు, చెవి గట్టిదనం, చర్మంపై నూగు, కాలుసేతుల బిగువు మొదలైనవాటికి మార్కులు వేసి వయసును అంచనా కట్టే పద్ధతిని అమెరికా వైద్యురాలు బల్లార్డ్ 1979లో ప్రకటించి, 1991లో సవరించారు.

వయసు తేలిన పిదప బరువును ఎదుగుదల పటంతో పోలుస్తారు. అదే గర్భకాలంగల నూరుగురు శిశువులను బరువు క్రమంలో నిలిపితే, అడుగునుండి పదిమందిలో చేరేవారిని వయసుకు తగిన బరువు లేనివారిగా గుర్తిస్తారు. వీరిలో తల్లిదండ్రుల పోలికవల్ల చిన్నగా పుట్టిన ఆరోగ్యవంతులూ ఉంటారు. అందుచేత పొడవును, తల చుట్టుకొలతను కూడా కొలుస్తారు. బరువు గ్రాములను నూటితో గుణించి, పొడవు సెంటీమీటర్ల ఘనంతో భాగించగా వచ్చిన సంఖ్య నెలలు నిండిన శిశువులో 2 కన్న తక్కువైతే కృశించినట్లు భావిస్తారు. 2,000 గ్రాముల బరువు, 47 సెంటీమీటర్ల పొడవుగల శిశువుకు ఇది సుమారు 1.93. పోషణ తగ్గినప్పుడు దేహం మెదడును ముందుగా కాపాడుకుంటుంది. కాబట్టి తల మామూలుగా ఉండి ఒళ్ళు ఎండితే లోపం చివరి నెలలలో, మూడు కొలతలూ తగ్గితే తొలి నెలలలోనే కలిగిందని సాధారణంగా తలుస్తారు.

గర్భిణి ఆహారపు ప్రభావం పుట్టుకతో ముగియదు. 1987–90 మధ్య హైదరాబాదు పరిసరాలలోని 29 గ్రామాలలో ఒక పరిశోధన సాగింది. అందులో 15 గ్రామాల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందించారు. కౌమారంలో పరీక్షించగా ఆ పిల్లలు మిగతా గ్రామాలవారికన్న కొద్దిగా పొడవుగా ఉన్నారు. వారి ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల స్థితి మెరుగుగా ఉన్నాయి.

తక్కువ బరువు శిశువుకు తల్లి ఎదపై వెచ్చదనం, తల్లిపాలు, వైద్యుల పర్యవేక్షణ అవసరం. ‘బరువెంత?’ అని అడిగేవారు ‘ఎన్ని వారాలకు పుట్టింది?’ అని కూడా అడగాలి. గర్భిణి నెలసరి తేదీని, పరీక్షల వివరాలను భద్రపరచడం, ఆమెకు వేళకు మంచి ఆహారం అందేటట్లు చూడడం ఇంటిల్లిపాది బాధ్యత.