తుంటి కీలు మళ్లీ మార్చాలంటే...

"ఒకపారి మార్చిన్రు గద, మల్లెందుకే?" అంది దేవరకొండలో మా పెద్దమ్మ. కృత్రిమ తుంటికీలుకూ అరుగుదల ఉంటుంది మరి! అయితే ఈ రెండో ఆపరేషన్లన్నీ ఒకటి కావు. గిన్నెలోని ప్లాస్టిక్ పొర, బంతి మాత్రమే మారిస్తే త్వరగా లేచి నడుస్తారు. కానీ మొదటి మూడు నెలలు కీలు జారే భయం ఎక్కువ. పీట మీద కూర్చుని కూరలు తరగడం, వంగి ముగ్గేయడం బంద్!

తొడ ఎముకలో బిగిసిన కాడను పీకి మార్చాలంటే రక్తం పోతుంది, ఎముక చిట్లవచ్చు, కర్రసాయం వారాల తరబడి. చీము పడితే మరీ కష్టం. చాలామందికి పాతది తీసి, వారాలకొద్దీ మందులిచ్చి, తర్వాతే కొత్తది వేస్తారు. అంటే హైదరాబాదు ప్రయాణం రెండుసార్లు. ఏ భాగం మారుస్తారో ముందే అడగండి.

2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్న ఏఎస్ఆర్ లోహపు కీళ్లు మనదేశంలోనూ వేశారు. మొదటి ఆపరేషన్ కాగితాల్లోని స్టిక్కరు మీద కంపెనీ పేరు, నంబరు ఉంటాయి. పెళ్లి పట్టుచీర ఉన్న అరలోనే దాచండి.