వేగమునకుఁ గళ్లెము



జీవితమంతయు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పినవాఁడు మోటారుకారు బ్రేకులనుగూర్చి ప్రసంగించుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. ఇందులకు నా పూర్వశిష్యుఁ డొకఁడు కారణము. అతఁ డింగ్లండులో వైద్యుఁడు. 1950 దశాబ్దినాఁటి స్పోర్ట్సు కారు నొకదానిని ముచ్చటపడి కొన్నాఁడు. ఒకనాఁడు కొండదారిని దిగుచుండఁగా, నాలుగైదు మలుపులు గడచిన పిమ్మట, బ్రేకు త్రొక్కినను బండి నిలువలేదఁట. దైవకృపచే నెదుట నే బండియు రాలేదు. "మాస్టరుగారూ, పాత డ్రమ్ము బ్రేకులు తీయించి డిస్కు బ్రేకులు వేయింపఁదలఁచితిని" అని వ్రాసినాఁడు. ఆ యుత్తరము చూచి నాకు నిదురపట్టలేదు. పుస్తకములు చదివి, అనుభవముగల మెకానిక్కుల నడిగి, యతనికి వ్రాసిన సమాధానమునే నేఁడు మీకు విన్నవించుచున్నాను.

బ్రేకు చేయు పని యేమి? పరుగును వేఁడిగా మార్చుట. వేగము రెట్టింపైనచో పుట్టు వేఁడి నాలుగు రెట్లగును. వేయి కిలోల బండి గంటకు 100 కిలోమీటర్ల వేగమునుండి నిలుచునప్పుడు పుట్టు వేఁడితో నించుమించు లీటరుంబావు నీటిని కాఁచి మరగింపవచ్చును. కొండ దిగునపు డిది మలుపు మలుపునకు జరుగును.

డ్రమ్ము బ్రేకులో, చక్రముతోఁ దిరుగు ఇనుపగుల్ల లోపల రెండు షూలు విచ్చుకొని దాని గోడను ఒరయును. వేఁడి లోపలనే చిక్కుకొనును. డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. లైనింగు పట్టు సడలును. డిస్కు బ్రేకులో, గాలికిఁ దెఱచియుండు పళ్లెమును రెండు ప్యాడులు పటకారువలెఁ బట్టుకొనును. కావున నది త్వరగాఁ జల్లారును. 1953లో ఫ్రాన్సునందలి లెమాన్ ఇరువదినాలుగు గంటల పందెమున, డన్‌లప్ డిస్కు బ్రేకులుగల జాగ్వార్ సి-టైప్ కారు గెలుపొందుటతో దీని మహిమ లోకమునకుఁ దెలిసినది.

అట్లని నాలుగు చక్రములకును పెద్ద డిస్కులు తగిలించుట వివేకము కాదు. బ్రేకు వేయఁగానే బండి బరువు ముందునకు వ్రాలును. వెనుక చక్రములు తేలికపడును. వెనుక బ్రేకులు మితిమీఱి బలిసినచో నా చక్రములు ముందుగా బిగిసి, బండి గిఱ్ఱునఁ దిరిగిపోవును. 1955లో అన్ని చక్రములకు డ్రమ్ములతో వెలువడిన ఎం.జి.ఎ. కారునకు, 1959 నాఁటి 1600 రూపమున ముందు చక్రములకు మాత్రమే డిస్కులమర్చి, వెనుక డ్రమ్ములనే యుంచిరి.

ఇంకొక మాట. డ్రమ్ము తన తిరుగుటచేతనే షూను మఱింత బిగియఁబట్టును. డిస్కున కా సాయము లేదు. కాలిబలము హెచ్చుగాఁ గావలెను, లేదా సర్వో అను సహాయయంత్రము చేర్పవలెను. డ్రమ్ములకై చేసిన మాస్టరు సిలిండరులలోఁ బెక్కింట, గొట్టములలో కొంత ఒత్తిడిని నిలిపియుంచు చిన్న కవాటము కలదు. దాని నట్లే యుంచినచో ప్యాడులు పళ్లెమును విడువక, త్రొక్కకున్నను వేఁడెక్కును. ఒక యంగమును మార్చినపుడు తక్కిన యంగములు దానితోఁ బొసఁగవలెను గదా! ఇవన్నియుఁ బొసఁగినను నేలను పట్టునది టైరు. గట్టిపడిన పాత టైరులపై నెంత గొప్ప బ్రేకైనను వ్యర్థమే.

ఇంతయుఁ జెప్పి, శిష్యున కొక ప్రశ్న వేసితిని: "ఆనాఁడు పెడలు గట్టిగా నుండెనా, మెత్తగా దిగిపోయెనా?" గట్టిగా నుండియు బండి నిలువకున్నచో లైనింగు వేఁడెక్కి పట్టు వదలినదన్నమాట. మెత్తగా దిగిపోయినచో బ్రేకు ద్రవము మరిగి యావిరి పుట్టినదని శంకింపవలెను. గ్లైకాల్‌తోఁ జేసిన ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 అను రకము క్రొత్తదిగా నున్నపుడు 230 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు నాఁగవలెను. తేమపట్టినచో 155 డిగ్రీలకే మరగవచ్చును. అట్టి ద్రవమును మార్పక డిస్కులు వేసినను, ఆ రోగ మట్లే యుండును.

"మెత్తగానే దిగిపోయినది" అని ప్రత్యుత్తరము వచ్చినది. విప్పి చూడఁగా ద్రవము నల్లఁబడియున్నదఁట. రబ్బరు గొట్టములు పగిలియున్నవఁట. మొదట వానిని మార్పించినాఁడు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును గావున, ఆ ధూళిని ఊఁది లేపవలదని పనివారిని హెచ్చరించినాఁడు. పాత యేర్పాటున నాలుగు చక్రములకు నొక్కటే ద్రవమార్గము. ఎచ్చటఁ గారినను నాలుగు బ్రేకులును పోవును. కావున రెండు మార్గముల సిలిండరును, ముందు చక్రములకు డిస్కులను పిమ్మట వేయించినాఁడు.

మన భాషలో నిదాన మనఁగా రోగకారణమును గుర్తించుట, నెమ్మదియు నిదానమే. వైద్యుఁడైన నా శిష్యుఁడు మొదటిదానిని బండికిఁ జేసినాఁడు. కొండ దిగునపుడు రెండవదానిని మఱువవలదని వ్రాసి, ఉత్తరము ముగించితిని.