బల్లరంపంపై గాడి తీయుట: చేతి భద్రత

దర్వాజ చట్రానికి మెట్టు తీయనిదే తలుపు ఆనదు. బీరువా పక్కచెక్కకు గాడి తీయనిదే అర నిలువదు. కొయ్యను కొయ్యతో కలిపే విద్యలో గాడికున్న ప్రాధాన్యం వడ్రంగి ఇంట పుట్టినవారికి వేరుగా చెప్పనవసరం లేదు. మన కళాశాలలో చదువుకొనే విద్యార్థులలో తండ్రులు, అన్నలు ఈ వృత్తిలో ఉన్నవారు కొందరున్నారు. సెలవులలో తామే యంత్రం ముందు నిలబడి కర్ర తోసేవారూ ఉన్నారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో ఉలి, రంపాలతో నడిచిన దుకాణాలలోకి విద్యుత్తుతో తిరిగే బల్లరంపం ప్రవేశించింది. దానివెంట ‘డాడో’ అనే రంపపు జత పేరు కూడా చిత్రాల ద్వారా, వీడియోల ద్వారా మన యువకులకు పరిచయమైంది. ఈ సాధనం ఏమిటో, దానితో పని చేయునప్పుడు చేతులకు పొంచియున్న ముప్పు ఎటువంటిదో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఈ మాటను గూర్చి కొంత చెప్పుకొందాము. మన తాపీమేస్త్రీలు స్నానపు గది గోడకు క్రింది భాగంలో అంటించే పలకలను ‘డాడో’ అంటారు. ఇటాలియన్ భాషలో ఈ మాటకు పాచిక అని అర్థం. స్తంభపీఠం నడిమి భాగానికి, పిదప గోడ క్రింది భాగానికి అది పేరైంది. అమెరికా వడ్రంగులు కొయ్య నారకు అడ్డంగా తీసే గాడిని ఇదే మాటతో పిలిచారు. ఆంగ్లేయులు మాత్రం ఆ గాడిని ‘హౌసింగ్’ అన్నారు. మన ప్రాంతపు వడ్రంగికి నిలువైనా అడ్డమైనా అది గాడియే. అతని నోట ‘చిత్రిక’ ఎంత సహజమో పారశీకం నుండి వచ్చిన ‘రంద’ అంత సహజం. పనిముట్ల పేర్లకు కులమతాల పట్టింపు ఎన్నడూ లేదు.

పూర్వం గాడి తీయుటకు రంపంతో రెండు గీతలు కోసి, నడుమనున్న కొయ్యను ఉలితో తొలగించేవారు. మామూలు చక్రపు రంపం కోత వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. దానితో వెడల్పైన గాడి కావలెనంటే అనేక మార్లు కర్రను నడపాలి. డాడో జత ఈ శ్రమను తగ్గిస్తుంది. ఇందులో వెలుపల రెండు చక్రాలుంటాయి, ఇవి గాడి అంచులను నున్నగా కోస్తాయి. వాటి నడుమ రెండు లేక నాలుగు పళ్ళు మాత్రమే గల చిన్న బిళ్ళలుంటాయి, ఇవి మిగిలిన కొయ్యను చెక్కి పారవేస్తాయి. ఒక్కొక్కటి సాధారణంగా అంగుళంలో ఎనిమిదో వంతు మందం. వెలుపలి రెండింటి నడుమ నాలుగు బిళ్ళలు వేస్తే ముప్పావు అంగుళం, అనగా 19 మిల్లీమీటర్ల గాడి ఒక్క పర్యాయంలో వస్తుంది. సన్నని రేకు వాషర్లు చేర్చి ఈ వెడల్పును వెంట్రుకవాసి మేర సరిచేసుకోవచ్చును. ప్లైవుడ్ మీద 18 అని ముద్రించియున్నా నిజమైన మందం కొంత తక్కువగా ఉండుట కద్దు. కనుక ముందుగా పనికిరాని ముక్క మీద కోసి చూడనిదే అసలు చెక్క ముట్టరాదు.

ఇక ప్రమాదం సంగతి. బల్లరంపానికి సహజంగా రెండు రక్షణలుంటాయి. ఒకటి పైన కప్పే తొడుగు. రెండవది రంపం వెనుక నిలిచే ఇనుప పలక, దీనిని రివింగ్ నైఫ్ అంటారు. కోసిన కర్ర రెండు భాగాలూ మరల దగ్గరికి వచ్చి రంపాన్ని నొక్కకుండా ఇది అడ్డుపడుతుంది. గాడి తీయునప్పుడు కర్ర రెండుగా చీలదు, అది రంపం మీదుగానే సాగిపోతుంది. కనుక తొడుగును, రంపంకంటె ఎత్తుగా నిలిచే పలకను విప్పక తప్పదు. రక్షణను తొలగించినది పనివాని నిర్లక్ష్యం కాదు, పని స్వభావమే. ఈ తేడా గ్రహించకుండా “తొడుగు తీయవద్దు” అని ఉపదేశించే వారి మాట దుకాణంలో ఎవరూ వినరు. తొలగించిన రక్షణకు బదులుగా ఏమి పెట్టవలెనో చెప్పినప్పుడే ఆ మాటకు విలువ.

రెండవ చిక్కు ఇంకా సూక్ష్మమైనది. గాడి కోతలో రంపం కంటికి కనబడదు, కర్ర క్రింద దాగియుంటుంది. కనబడని దానిని మనస్సు లేనిదిగా భావిస్తుంది. 18 మిల్లీమీటర్ల చెక్కలో 9 మిల్లీమీటర్ల లోతు గాడి తీస్తున్నామనుకొందాము. పైన ఆనించిన అరచేతికి, క్రింద తిరిగే పళ్ళకు నడుమ ఉన్నది 9 మిల్లీమీటర్ల కొయ్య మాత్రమే. చెక్క వెనుక అంచు దాటిన క్షణాన ఆ పళ్ళు ఒక్కసారిగా బయటపడతాయి. కర్రను తోసే చేయి అప్పటికి సరిగ్గా అక్కడికే చేరియుంటుంది. నిమిషానికి 3,000 సార్లు తిరిగే 8 అంగుళాల రంపపు పన్ను వేగం గంటకు సుమారు 115 కిలోమీటర్లు. జనగామ స్టేషనులో ఆగకుండా దూసుకొనిపోయే రైలుబండి వేగం వంటిది. చూచి చేయి వెనుకకు తీసుకొనే వ్యవధి మనిషికి ఉండదు.

మామూలు రంపం కంటె ఆరు రెట్ల వెడల్పు కొయ్యను ఈ జత ఒకేసారి తొలగిస్తుంది గనుక కర్రను పనివాని వైపు వెనుకకు నెట్టే బలం కూడా హెచ్చు. కర్ర కొంచెం పైకి లేచినా, ఆనుపట్టీ నుండి పక్కకు తిరిగినా రంపం దానిని ఎత్తి విసురుతుంది. కర్ర పోతే దానిపై ఆనిన చేయి రంపం మీద పడుతుంది. వ్రేళ్ళు తెగిన ఉదంతాలలో పనివాడు రంపాన్ని తాకబోయినాడని చెప్పుటకంటె, కర్ర అతని చేతి క్రింద నుండి తప్పుకొన్నదని చెప్పుట నిజానికి దగ్గర.

బిగించే పద్ధతి చూద్దాము. మొదట మీట ఆపుట చాలదు, తీగను సాకెట్టు నుండి ఊడదీయవలెను. బిళ్ళల పళ్ళు వెలుపలి చక్రాల పళ్ళ నడిమి ఖాళీలలో పడునట్లు, ఒక బిళ్ళ పన్ను మరొకదానిని తాకకుండ చుట్టూ సమంగా పరచి అమర్చవలెను. ఇరుసు పొడవు ఇక్కడ అత్యంత ముఖ్యం. నట్టు పూర్తిగా ఎక్కి, దాని మరలన్నీ ఇరుసు మరలను పట్టుకొనియుండాలి. సగమెక్కిన నట్టుతో నడుపుట కన్న ఆ రోజు పని మానుకొనుట మేలు. ఇరుసు చాలనప్పుడు బిళ్ళలు తగ్గించి, సన్నని గాడిని రెండు పర్యాయాలలో తీసుకోవచ్చును. పిమ్మట చేతితో రంపాన్ని ఒక చుట్టు త్రిప్పి, బల్లపై రంధ్రానికి అమర్చే పలకను ఎక్కడా తాకడం లేదని నిర్ధారించుకోవాలి. ఆ పలక కూడా ఈ వెడల్పుకు తగినదై ఉండవలెను. రంధ్రం మరీ పెద్దదైతే సన్నని కర్ర అందులోకి దిగబడుతుంది. జతపై ముద్రించిన గరిష్ఠ వేగానికి యంత్రపు వేగం మించరాదు.

ఇరుసు విషయంలో ఐరోపా యంత్రాల తీరు వేరు. అక్కడ మీట ఆపిన పిదప రంపం 10 సెకండ్లలో నిలిచిపోవాలనే నియమం ఉన్నందున, బరువైన డాడో జత పట్టునంత పొడవైన ఇరుసులను వాటికి సామాన్యంగా అమర్చరు. బరువైన జత గిరగిర తిరుగుతూ అకస్మాత్తుగా ఆగినప్పుడు నట్టు వదులయ్యే అవకాశముండుటయే ఇందుకొక కారణం. దిగుమతి యంత్రం కొన్నవారు దాని పుస్తకం చదువకుండ జతను ఎక్కించరాదు. అమెరికాలో మరొక మార్గం వెదికారు. 1999లో స్టీఫెన్ గాస్ కనిపెట్టిన సాధనం, వ్రేలు తాకిన క్షణాన చర్మపు విద్యుత్ స్పర్శను గుర్తించి రంపాన్ని ఆపివేస్తుంది. దానికి కూడా డాడో జత వాడినప్పుడు వేరొక బ్రేకు పెట్టెను అమర్చవలెను. ఆ దేశంలో 2015లో బల్లరంపం వల్ల అత్యవసర చికిత్స పొందిన గాయాలు సుమారు 33,400 అని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ అంచనా వేసింది. మన దుకాణాలలో తెగిన వ్రేళ్ళు సాధారణంగా ఏ లెక్కలోకీ ఎక్కవు.

కర్రను నడుపునప్పుడు అరచేయి ఎన్నడూ రంపం పైభాగానికి రారాదు. పిడి గల కొయ్య దిమ్మెను అడుగున రబ్బరు అంటించి, దానితో నొక్కి తోయవలెను. పక్కనుండి, పైనుండి దువ్వెనవలె పళ్ళు చీల్చిన చెక్కను బిగిస్తే అది కర్రను ఆనుపట్టీకి, బల్లకు అదిమి ఉంచుతుంది. పెద్ద ఖర్చు లేదు, మిగిలిపోయిన టేకు ముక్కతో ఎవరికి వారే చేసుకోవచ్చును. లోతు ఎక్కువైతే రెండు మూడు విడతలలో తీయాలి. చెక్క అంచున మెట్టు తీయునప్పుడు ఇనుప ఆనుపట్టీకి ఒక కొయ్య పలకను బిగించి, రంపం తగిలినా ఆ కొయ్యకే తగులునట్లు చూడవలెను. సన్నని పొడుగాటి చెక్కకు అడ్డంగా గాడి తీయుటకు ఆనుపట్టీ ఒక్కటే ఆధారం కారాదు. చెక్క తిరిగిపోతుంది. కోణమాపినిని, లేదా జారుడు పెట్టెను వాడాలి. కర్రను తెగగోయునప్పుడు కోణమాపినిని, ఆనుపట్టీని కలిపి వాడితే తెగిన ముక్క చిక్కుకొని ఎగురుతుంది గనుక అది నిషిద్ధం. గాడిలో ముక్క తెగదు గనుక రెండూ కలిపి వాడవచ్చును. నియమాన్ని కంఠస్థం చేసినవాడు ఇక్కడ తికమకపడతాడు. కారణం తెలిసినవాడు పడడు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతులు కొన్నిటిని పై దేశపు పుస్తకాలు చెప్పవు. పాత పెంకుటిండ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, దర్వాజలు ఇక్కడ మంచి ధరకు అమ్ముడుపోతాయి. వాటిలో తల విరిగిన మేకు ఒకటి దాగియున్నా గట్టిలోహపు పళ్ళు విరిగి తూటాలవలె ఎగురుతాయి. కళ్ళద్దాలు లేకుండ పాత కర్రను నడుపరాదు. మన టేకులో ఇసుక జాతి పదార్థం ఉంటుంది గనుక పళ్ళు త్వరగా మొద్దుబారుతాయి. మొద్దు రంపానికి ఎక్కువ బలంతో తోయాలి, ఎక్కువ బలంతో తోసిన చేయి జారినప్పుడు ఎక్కువ దూరం పోతుంది. మెడలోని తువ్వాలు, పొడుగు చేతుల అంగీ, మణికట్టు దారం, ఉంగరం, చేతి తొడుగులు కూడా యంత్రం వద్ద వద్దు. కరెంటు పోయినప్పుడు మీట ఆపకుండ ఇవతలికి వచ్చి, మరల వచ్చేసరికి రంపం మీద చేయి పెట్టియుండే ప్రమాదం ఒకటి. కరెంటు పోగానే తానే విడిపోయి, మరల నొక్కితే తప్ప నడవని స్టార్టరును బిగించుకొంటే ఈ బెడద తీరుతుంది.

రాయి కోసే చిన్న యంత్రాన్ని బల్ల క్రింద తలక్రిందులుగా బిగించి, దానికి కొయ్య రంపం తగిలించి వాడే అలవాటు మన దుకాణాలలో ఉన్నది. దాని వేగం నిమిషానికి 12,000 చుట్లకు మించుతుంది. గాడి జతను గాని, మందపు గాడి చక్రాన్ని గాని దానికి ఎక్కించుట ఆత్మహత్యాసదృశం. ఈ విషయంలో మెత్తగా చెప్పుటకు నాకు మాటలు లేవు.

చట్టం ఏమి చేయుచున్నదని ఎవరైనా అడుగవచ్చును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ విభాగంలో ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె ఉండాలన్నది. దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. విద్యుత్తు వాడే చోటును ఫ్యాక్టరీగా లెక్కించుటకు కావలసిన పనివారి సంఖ్య 10 నుండి 20కి పెరిగింది. తండ్రి, కొడుకు, ఒక సహాయకుడు పనిచేసే రేకుల షెడ్డు అప్పుడూ ఆ గీతకు వెలుపలే, ఇప్పుడూ వెలుపలే.

ఇంతకూ డాడో జత మనకు అవసరమా? నెలకు పది బీరువాలు చేసే దుకాణానికి అవసరం కావచ్చును. నాలుగు అరలు కోసుకొనేవానికి, చేత పట్టి నడిపే రౌటరుకు ఒక సరళమైన పట్టీని ఆధారంగా బిగించుకొనుట తక్కువ ప్రమాదంతో కూడిన మార్గం. అది కూడా లేనివారికి రంపం, ఉలి ఉన్నవి. పని ముగియగానే జతను దింపి, మామూలు రంపం ఎక్కించి, తొడుగును, వెనుక పలకను అదే సాయంత్రం బిగించాలి. మరునాడు ఉదయం ఎవరో వచ్చి నిలువు కోత మొదలుపెడతారు. ఆ పలక అవసరమయ్యేది అప్పుడే.

దురదృష్టవశాత్తు వ్రేలు తెగినచో గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేయి పైకెత్తి పట్టుకోవాలి. తెగిన భాగాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు ఉన్న మరొక పాత్రలో పెట్టవలెను. మంచు సూటిగా తగిలితే కణజాలం చెడిపోతుంది. నీళ్ళలో వేయరాదు, పసుపు, కాఫీపొడి అద్దరాదు. 108కి ఫోను చేసి, తెగిన వ్రేళ్ళను అతికించే శస్త్రచికిత్స ఎక్కడున్నదో ముందే అడిగి బయలుదేరాలి. భూపాలపల్లి వంటి చోట్ల నుండి దూరం ఎక్కువ గనుక, తెగిన సమయాన్ని ఒక కాగితంపై వ్రాసి వెంట పంపాలి. వైద్యునికి ఆ గంట తెలియుట అవసరం.